నెలకి రెండు విశాఖ షికార్లు, 42 వేల కార్డు బాకీ: ఏం చేయాలి?

ప్రశ్న: మాది విజయనగరం. మా వారిది ప్రైవేటు ఉద్యోగం, చేతికి 52 వేలు వస్తుంది. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. ఇక్కడ పిల్లలకి కాలక్షేపం లేదని నెలకి రెండు ఆదివారాలు కారు మాట్లాడుకుని విశాఖ వెళ్తున్నాం. కిందటిసారి కారుకి 2,000, సినిమా టికెట్లకి 800, ఆన్‌లైన్ బుకింగ్ ఛార్జీ 120, పాప్‌కార్న్, కూల్‌డ్రింకులకి 760, మాల్‌లో గేమ్ జోన్‌కి 800, రాత్రి హోటల్‌కి 1,300 అయింది. గేమ్ జోన్ కార్డులో ఇంకా 140 రూపాయలు మిగిలిపోయాయి. ఇంటికొచ్చాక ఏం నచ్చిందిరా అని బాబుని అడిగితే బీచ్‌లో ఇసుక అన్నాడు. క్రెడిట్ కార్డు మీద 42 వేలు బాకీ ఉంది, నెలకి మూడున్నర శాతం వడ్డీ. మినిమమ్ 2,100 కడుతున్నాం. వచ్చే వేసవికి హైదరాబాద్ టూర్ ప్యాకేజీ ఈఎంఐ మీద తీసుకుందామని మా వారు అంటున్నారు. షికార్లు పూర్తిగా మానేయాలా?

జవాబు: మానేయొద్దమ్మా. పిల్లలు ఈ వయసులోనే మీతో వస్తారు. ఇంకో నాలుగేళ్లు పోతే పాపకి ట్యూషన్లు, పరీక్షలు మొదలవుతాయి, రమ్మన్నా రాదు. కాబట్టి సరదా ఖర్చు ఇంటి బడ్జెట్‌లో ఉండాల్సిందే. ఇబ్బందల్లా ఆ డబ్బు ముందు ఖర్చయిపోయి, తర్వాత ఎక్కడి నుంచి తేవాలా అని వెతుక్కోవడంలో ఉంది.

మీరు ఇంత వివరంగా లెక్క రాయడం మంచిదైంది. ఆ ఆదివారం మొత్తం 5,780 అయింది. వెళ్లింది సినిమాకి. సినిమా ఖర్చు 800, అంటే మొత్తంలో ఏడో వంతు. మిగిలిందంతా దారిలో, క్యాంటీన్‌లో, మాల్‌లో పోయింది. నెలకి రెండుసార్లంటే 11,560, జీతంలో ఐదో వంతు దాటిపోయింది. బాబుకి నచ్చిన ఇసుక మాత్రం ఈ లెక్కలో ఎక్కడా లేదు. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట అదే.

ముందు కార్డు సంగతి చూద్దాం, అసలు టెన్షన్ అక్కడుంది. 42 వేల మీద మూడున్నర శాతం అంటే నెలకి 1,470 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 265. రెండూ కలిపి 1,735. మీరు కట్టే 2,100లో అసలుకి చేరేది 365 రూపాయలే. ఆ రోజు పాప్‌కార్న్, కూల్‌డ్రింకులకి పెట్టినదాంట్లో సగం కూడా కాదు. పైగా పాత బాకీ పూర్తిగా తీరనంత కాలం, కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. వడ్డీ లేని గడువు రోజులు ఉంటాయి కదా అనుకుంటారు చాలామంది. బాకీ ఉన్నవాళ్లకి ఆ గడువు వర్తించదు. అందుకని ఈ రోజే ఆ కార్డుని టికెట్ల యాప్‌లోంచి, తిండి ఆర్డర్ యాప్‌లోంచి తీసేయండి. కార్డు బీరువాలో పడేయండి.

షికార్ల ఖర్చు నెలకి 4 వేలకి దించండి. మిగిలే 7,560ని ఇప్పుడు కడుతున్న 2,100కి కలిపితే 9,660 అవుతుంది. నెలనెలా అంత కట్టుకుంటూ పోతే నాలుగో నెల చివరికి 8,300 దాకా మిగులుతుంది, ఐదో నెలలో సుమారు 8,600 కడితే మొత్తం తీరిపోతుంది. ఈ నవంబరులో మొదలుపెడితే మార్చికల్లా బయటపడతారు. బాకీని బ్యాంకు ఈఎంఐగా మార్చి ఇస్తుంది, వడ్డీ కొంచెం తగ్గుతుంది కూడా. కానీ ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే వేసే ఛార్జీ అడిగి తెలుసుకోండి. ఐదు నెలల్లో తీరే బాకీకి నేనైతే ఆ జోలికి వెళ్లను.

ఆ 4 వేలకి ఒక ఏర్పాటు చేయండి. ఇంట్లో వాడకుండా పడి ఉన్న సేవింగ్స్ ఖాతా ఏదో ఒకటి ఉంటుంది. జీతం పడిన రోజే 4 వేలు అందులో వేసి, ఫోన్‌లో ఆ ఖాతాకి వేరే యూపీఐ పెట్టుకోండి. షికారు ఖర్చంతా దాన్నుంచే. అందులో అయిపోతే ఆ నెలకి అయిపోయినట్టే. లెక్క రాసే పని పాపకి అప్పజెప్పండి, ఏడో తరగతి పిల్లకి అది చేతనవుతుంది.

నెలకి ఒక్కసారి విశాఖ వెళ్లండి, కారు వద్దు. పలాస, రాయగడ వైపు నుంచి వచ్చే పాసింజర్ రైళ్లు ఉన్నాయి. నలుగురి టికెట్లూ కలిపినా మీ కారు బాడుగలో చిన్న ముక్కే అవుతుంది. పన్నెండేళ్ల లోపు కాబట్టి బాబుకి సగం టికెట్. దిగాక సిటీ బస్సులో ఆర్కే బీచ్‌కి వెళ్లండి. అక్కడున్న కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది, 2002లో మ్యూజియం అయింది. లోపల ఆ ఇరుకు దారిలో వంగి నడుస్తూ, నావికులు పడుకున్న బల్లలు చూస్తే పాప వంద ప్రశ్నలు వేస్తుంది. దానికి ఎదురుగానే విమానం మ్యూజియం. సోమవారం సెలవు, మీరు వెళ్లేది ఆదివారం కాబట్టి బాధ లేదు. మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచి పట్టుకెళ్లండి. సాయంత్రం దాకా ఇసుకలోనే. సినిమా చూడాలనుకుంటే విజయనగరంలోనే చూడండి, సినిమా అదే కదా. మొత్తం 2,800 దాటకుండా ముగుస్తుంది.

మిగిలిన 1,200 మన ఊరికి. కాలక్షేపం లేదన్నారు గానీ, నేను ఇక్కడే పెరిగాను కాబట్టి ఆ మాట ఒప్పుకోలేను. 1713లో కట్టిన కోట ఊరి మధ్యలో ఉంది. గురజాడ అప్పారావు గారి ఇల్లుంది. రామతీర్థం వెళ్తే గుడితో పాటు పక్కన గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు కూడా చూడొచ్చు. గోస్తనీ నది మీద తాటిపూడి జలాశయం ఉంది. పాపకి పాట మీద ఆసక్తి ఉంటే 1919లో పెట్టిన మన సంగీత కళాశాలకి ఒకసారి తీసుకెళ్లండి. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ప్రభుత్వ కళాశాల. చేరే వయసు, ఫీజు అక్కడే అడిగి కనుక్కోండి. గేమ్ జోన్‌లో గంటలో అయిపోయే డబ్బు అక్కడ ఎన్నాళ్లకి సరిపోతుందో మీరే చూస్తారు.

హైదరాబాద్ మాత్రం ఈఎంఐ మీద వద్దు. మీ వారికి ఈ మాట గట్టిగానే చెప్పండి. నాలుగు రోజుల టూర్‌కి ఏడాది పాటు కిస్తీ కట్టడం నాకు నచ్చని పని. కార్డు బాకీ తీరాక ఏప్రిల్ నుంచి ఆ 9,660ని రెండుగా చేయండి. 4,660 అత్యవసర నిధికి, 5,000 బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కి. ఎనిమిది నెలల్లో 40 వేలు, దాని మీద కొద్దిగా వడ్డీ. వేసవిలో కాకుండా ఆ వచ్చే జనవరిలో వెళ్లండి. మే నెల ఎండలో గోల్కొండ మెట్లు ఎక్కడం పిల్లలకి శిక్ష. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నాంపల్లిలో నుమాయిష్, అంటే పెద్ద ఎగ్జిబిషన్, కూడా ఉంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూకి సోమవారం సెలవు, దాన్నిబట్టి రోజులు వేసుకోండి. విశాఖ ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్ మీదుగానే వెళ్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి మన వైపు, పండగ అయ్యాక ఇటు నుంచి అటు టికెట్ దొరకదు. పండగ ఇంట్లోనే చేసుకుని, ఆ రద్దీ తగ్గాక రిపబ్లిక్ డే దగ్గర పెట్టుకోవడం మేలు.

ఇంకో ఖర్చు మర్చిపోకండి. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి మీ ఇంటికీ చుట్టాలు వచ్చే ఉంటారు. ఏడాదికోసారి తప్పకుండా వచ్చే ఖర్చది. నెలకి 500 చొప్పున విడిగా దాచుకుంటే పండగ నెలలో కార్డు ముట్టుకోనక్కర్లేదు.

ఈ ఆదివారం బాబుని చింతపల్లి సముద్ర తీరానికి తీసుకెళ్లండి. లైట్‌హౌస్ ఉంది, కావలసినంత ఇసుక ఉంది. నీళ్లలో లోపలికి వెళ్లనివ్వకండి, ఒడ్డునే ఆడించండి. ఇంకో జత బట్టలు, ఇసుక తవ్వడానికి ఇంట్లో ఉన్న పాత గరిటె పట్టుకెళ్తే చాలు.