పెచ్చులూడే శ్లాబు మీద గది కట్టడానికి అప్పా?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. నాన్నగారు 1996లో కట్టించిన ఇల్లు, శ్లాబు 850 చదరపు అడుగులు. గత నెల హాల్లో పైకప్పు నుంచి చపాతీ అంత పెచ్చు ఊడిపడింది, లోపలి చువ్వలు కనిపిస్తున్నాయి. మిచౌంగ్ తుపాను సమయంలోనే అక్కడ మరక వచ్చింది. అప్పుడు మేస్త్రీ 55,000 అడిగితే ఎక్కువనిపించి, పుట్టీ పెట్టి రంగు వేయించాం. ఇప్పుడు మరమ్మతుకే 3.5 లక్షలంటున్నారు. పనిలో పనిగా పైన ఒక గది వేసి 9,000కు అద్దెకిస్తే అప్పు దానితోనే తీరుతుందని ఆలోచన. మొత్తం 9 లక్షలు కావాలి. బ్యాంకు 16 శాతం వడ్డీకి ఐదేళ్ల వ్యక్తిగత రుణం 6 లక్షలు ఇస్తానంది. మిగతాది రుణ యాప్‌లో తీసుకుంటాను. చేతికొచ్చే జీతం 82,000. ఇంటి ఖర్చు 45,000, కారు వాయిదా 12,300, చీటీ 10,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది) 8,000. రెండు లక్షల చీటీ ఇంకా ఐదు నెలలుంది. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి కాలేజీ కోసం 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదపను. పొదుపు ఖాతాలో 28,000 ఉన్నాయి. బీమా ఏమైనా వస్తుందా?

జవాబు: సొంత ఇల్లున్న చాలామంది ఇదే దారిలో వెళ్తున్నారు కాబట్టి మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. వాళ్లకు ఆస్తి ఉంటుంది, ఎఫ్‌డీ ఉంటుంది, చీటీ ఉంటుంది. ఇంటికి ఏదైనా జరిగితే తీయడానికి మాత్రం రూపాయి ఉండదు.

ముందు ఆ గది సంగతి తేలుద్దాం. చువ్వలు బయటపడిన శ్లాబు మీద ఇంకో అంతస్తు బరువు మోపుతారా? మీ మేస్త్రీ దీనికి ఒప్పుకొని ఉంటే మేస్త్రీని మార్చండి. లెక్కలోనూ అది నిలవదు. 6 లక్షలకు 16 శాతం చొప్పున ఐదేళ్లు కడితే నెలకు దాదాపు 14,600. మీరు ఆశపడుతున్న అద్దె 9,000. ఖర్చులన్నీ పోగా మీకు మిగిలేది 6,700. యాప్ అప్పు వాయిదా ఇంకా ఇందులో కలపలేదు. ఆ యాప్‌లు ప్రాసెసింగ్ రుసుము ముందే కోసుకుని మిగిలినది చేతిలో పెడతాయి. కారే కప్పు కింద కూర్చుని అలాంటి అప్పు తీసుకోవాలన్న ఆలోచన వచ్చినందుకే నాకు కోపం వస్తోంది.

ఈ నష్టం ఒక్క రాత్రిలో జరగలేదు. మీ కాలపు ఇళ్లలో శ్లాబు మీద సున్నం, ఇటుక ముక్కలు కలిపిన పొర, దాని మీద చదరపు ఎర్ర పలకలు పరిచేవారు. మీ వీధిలో తట్టోడు అంటారు కదా, అవే. పలకల సందుల్లో పూత అరిగిపోతుంది. నీళ్ల గొట్టం మూతికి వేపాకులు అడ్డుపడి వాన నీరు రోజుల తరబడి నిలుస్తుంది. పిట్టగోడ శ్లాబును కలిసే చోట సన్నని పగులు పడుతుంది. ఏసీ స్టాండు కోసం వేసిన బోల్టు రంధ్రం, రోజూ పొంగిపొర్లే ట్యాంకు కూడా తమ వంతు చేస్తాయి. అలా దిగిన చెమ్మకు సముద్రపు ఉప్పుగాలి తోడైతే చువ్వ తుప్పుపడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింది కాంక్రీటును తోసేస్తుంది. మీ హాల్లో పడిన పెచ్చు అదే. నేనూ గొప్ప పని చేయలేదు లెండి: మా పిట్టగోడ పక్కన మొలిచిన రావి మొక్కను మూడేళ్లు చూస్తూ ఊరుకున్నాను, చివరికి వేరు తీయడానికి గోడే పగలగొట్టాల్సి వచ్చింది.

అందుకే బీమా మీద ఆశ పెట్టుకోకండి. భారత్ గృహ రక్ష లాంటి పాలసీ తుపాను, వరద నష్టాలకు ఇస్తుంది, కాలక్రమంలో వచ్చిన అరుగుదలకు ఇవ్వదు. పైగా మీకు పాలసీ ఉన్నట్టు కూడా రాయలేదు. మరమ్మతు పూర్తయ్యాక ఒకటి తీసుకోండి, ఇంటి నిర్మాణ ఖర్చుకే, స్థలం విలువకు కాదు.

ఇక డబ్బు. ఎఫ్‌డీని కదపను అంటున్నారు. మీ పొదుపులో పెద్ద మొత్తం అదే, దానికేమో అమ్మాయి కాలేజీ అని పేరు పెట్టి తాళం వేశారు. దానిమీద వచ్చే వడ్డీకి రెట్టింపు వడ్డీ కట్టి బయట అప్పు చేయబోతున్నారు. కాలేజీకి మూడేళ్లకు పైగా ఉంది. ఎఫ్‌డీ రద్దు చేయనక్కర్లేదు. దానిమీద 3.5 లక్షలు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీనే హామీగా పెట్టి బ్యాంకు ఇచ్చే అప్పు, తీసుకోండి, మామూలుగా ఎఫ్‌డీ రేటుపై ఒకటి రెండు శాతమే అదనం. సిప్ ఆపి, ఆ 8,000తో పాటు మిగిలే 6,700 కూడా ఇందులో కట్టండి. ఐదు నెలలకు చీటీ డబ్బు రాగానే మొత్తం ఇందులోనే వేయండి. ఇప్పుడే చీటీ పాట పాడి వచ్చే మొత్తాన్ని తగ్గించుకోవద్దు. తర్వాత చీటీకి కట్టే 10,000 కూడా ఇటే మళ్లిస్తే పది నెలల్లో అప్పు తీరిపోతుంది. బంగారం తాకట్టు, క్రెడిట్ కార్డు వాయిదాల గురించి ఆలోచించే అవసరమే రాదు.

అప్పు తీరిన నెల నుంచే అత్యవసర నిధి మొదలుపెట్టండి. ఇంటి ఖర్చు, కారు వాయిదా కలిపి నెలకు 57,300, అంటే ఆరు నెలలకు దాదాపు 3.5 లక్షలు. అది చేరేదాకా సిప్ మళ్లీ మొదలుపెట్టొద్దు. నా దగ్గరకు వచ్చేవాళ్లు ఈ మాట వినగానే ముఖం చిన్నబుచ్చుకుంటారు, మీరూ అంతే చేస్తారని తెలుసు. దానికి వేరుగా ఇంటి పేరుతో నెలకు 4,000 రికరింగ్ డిపాజిట్ వేయండి. మీరు అద్దె కట్టడం లేదు కదా, ఆ ఇంటికి ఆ మాత్రం ఇవ్వండి. మరక కనిపించిన నెల నుంచే వేసి ఉంటే ఆ 55,000 పద్నాలుగు నెలల్లో చేతిలో ఉండేది.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి, తడి శ్లాబు మీద పూత నిలవదు కాబట్టి పని అంతకు ముందే ముగియాలి. ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు రుసుమిచ్చి కప్పు అంతా సుత్తితో తట్టించి డొల్ల ఎక్కడెక్కడుందో గుర్తు పెట్టించండి. 3.5 లక్షల అంచనా నిజమో కాదో ఆ తర్వాతే తెలుస్తుంది. పని మొదలయ్యేదాకా అమ్మాయి చదువుకునే బల్లను ఆ హాల్లోంచి బయటికి తీయించండి.