టెక్ సందేహాలు: డర్ట్ బైక్‌లో ఏ కూలెంట్ పోయాలి?

ప్రశ్న: నాది 250 సీసీ లిక్విడ్ కూల్డ్ డర్ట్ బైక్. రాళ్ల దారిలో ఫస్ట్ గేర్‌లో కాసేపు ఎత్తు ఎక్కితే చాలు, రేడియేటర్ పక్కనున్న సన్నటి పైపులోంచి కూలెంట్ బయటికి తన్నేస్తోంది. షాపులో పచ్చది, గులాబీది, నీలంది, అసలు నీళ్లే ఉండనిది అని నాలుగు రకాలు చూపించారు. కారులో పోయగా మిగిలిన పచ్చ కూలెంట్ కూడా ఇంట్లో ఉంది. ఏది వాడాలి?

జవాబు: ఆ కారు కూలెంట్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రంగు చూసి కూలెంట్ ఎంచుకోకండి. రంగంటే కంపెనీ కలిపే డై, అంతే. ఏ రంగులో ఏ రసాయనం ఉండాలన్న ఉమ్మడి నియమం ఎక్కడా లేదు. ఒకే పచ్చ రంగులో, ఒకదానితో ఒకటి పొసగని రెండు కూలెంట్లు దొరకవచ్చు. పొసగనివి కలిస్తే ఒక్కోసారి జిగురులా గడ్డకట్టి రేడియేటర్ సన్నటి గొట్టాలకు అడ్డుపడతాయి. కాబట్టి డబ్బా తిప్పి వెనక లేబుల్ చదవండి.

అక్కడ మొదట చూడాల్సింది ‘సిలికేట్ ఫ్రీ’ అన్న మాట. కార్ల కోసం చేసిన పాతకాలం పచ్చ కూలెంట్లలో తుప్పు పట్టకుండా సిలికేట్లు కలుపుతారు. అవి అల్యూమినియం మీద త్వరగా రక్షణ పొర కడతాయి, అందులో తప్పేమీ లేదు. కానీ డర్ట్ బైక్ వాటర్ పంప్ చిన్నది, ఇంజిన్ మాత్రం చాలా వేగంగా తిరుగుతుంది. సిలికేట్ల వల్ల పంప్ సీల్ ముందే అరిగిపోవచ్చు, రేడియేటర్ దారులు పూడుకుపోవచ్చు. హోండా తన బైక్‌ల మాన్యువల్స్‌లో ఈ రెండు ప్రమాదాలనూ చెప్పి మరీ సిలికేట్ కూలెంట్ వద్దంటుంది. రెండోది, అల్యూమినియంతో పాటు మెగ్నీషియానికీ సురక్షితమని రాసి ఉందా చూడండి. బరువు తగ్గించడానికి కొన్ని డర్ట్ బైక్‌ల ఇంజిన్ కవర్లు మెగ్నీషియంతో చేస్తారు. సరిపడని కూలెంట్ పడితే ఆ లోహాన్ని లోపలినుంచి తినేస్తుంది. పంప్ కవర్ విప్పి చూస్తే గుంటలు పడి, గరుకుగా కనిపిస్తుంది.

ఇక నీళ్ల సంగతి. వేడిని మోసుకెళ్లడంలో నీటిని మించింది లేదు. కూలెంట్‌లో నీటితో కలిపే గ్లైకాల్ అనే ద్రవం ఎంత ఎక్కువైతే వేడి మోసే శక్తి అంత తగ్గుతుంది. మరి ఒట్టి నీళ్లే పోస్తే? 100 డిగ్రీలకే మరుగుతాయి, చలికి గడ్డకడతాయి, లోహానికి రక్షణ ఉండదు. అందుకే సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం డిస్టిల్డ్ వాటర్ అన్న లెక్క స్థిరపడింది. ఈ మిశ్రమం మామూలు పీడనంలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. పైన 1.1 బార్ పీడనం దాకా ఆపే రేడియేటర్ క్యాప్ బిగుతుగా ఉంటే మరిగే స్థాయి 125 దాటుతుంది. అంటే క్యాప్ రబ్బరు పగిలినా, స్ప్రింగ్ నీరసించినా ఎంత ఖరీదైన కూలెంట్ పోసినా తన్నేస్తుంది. కొత్త కూలెంట్ కొనేముందు ఆ క్యాప్ మార్చి చూడండి. బోర్ నీళ్లు, కుళాయి నీళ్లు మాత్రం కలపకండి. వాటిలోని లవణాలు లోపల పొలుసు కడతాయి.

నీళ్లే ఉండని వాటర్‌లెస్ కూలెంట్ 180 డిగ్రీల దాకా మరగదన్నది నిజమే. మరగకపోవడం వేరు, చల్లబరచడం వేరు. అది నీటి మిశ్రమం కంటే చిక్కగా ఉంటుంది, తక్కువ వేడి మోస్తుంది. బయటికి ఏమీ తన్నదు కానీ ఇంజిన్ లోహం ఇంకాస్త వేడిగానే నడవొచ్చు. అది పోయాలంటే పాత నీటి చుక్క కూడా మిగలకుండా తీసేయాలి. అడవి దారిలో హోస్ తెగితే, చేతిలో ఉన్న తాగే నీళ్లు పోసుకుని ఇంటికి రావాల్సిందే కదా, ఆ క్షణంలోనే దాని ప్రయోజనం పోతుంది. మీ అవసరానికి నేనైతే దాన్ని సిఫారసు చేయను.

ఇథిలీన్ గ్లైకాల్ ఆధారంగా చేసిన, సిలికేట్లు లేని, మెగ్నీషియానికి పడే, ముందే నీళ్లు కలిపి అమ్మే ప్రీమిక్స్ కూలెంట్ కొనండి. అందులో మళ్లీ నీళ్లు కలపకండి. ఇంట్లో చిన్న పిల్లలో కుక్కలో ఉంటే మాత్రం ప్రాపిలీన్ గ్లైకాల్ రకం మంచిది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొద్దిగా తాగినా ప్రాణాంతకం. ఏది పోసినా నేల మీద ఒలికితే వెంటనే కడిగేయండి.

ఇంత చెప్పినా, మీ సమస్యలో కూలెంట్ వాటా తక్కువనే అనుకుంటున్నాను. చాలా మోటోక్రాస్ బైక్‌లకు ఫ్యాన్ ఉండదు, బండి వేగమే వాటికి గాలి. ఫస్ట్ గేర్‌లో క్లచ్ సగం పట్టి ఎక్కుతుంటే వేడి పెరుగుతుంది, గాలి మాత్రం ఆడదు. టార్చ్ పట్టుకుని రేడియేటర్ వెనకనుంచి చూడండి. ఫిన్‌ల (గాలి తగిలే సన్నటి రేకుల) మధ్య ఎండిన బురద ఉంటే మెల్లగా నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్‌లు వంగిపోయి, ఉన్న గాలి దారి కూడా మూసుకుపోతుంది. ఎప్పుడూ ఇలాంటి దారులే అయితే ఫ్యాన్ కిట్ బిగించుకోవడం ఏ కూలెంట్ కంటేనైనా మేలు. ఇంకో మాట: రేడియేటర్ అంచుదాకా నింపితే వేడికి వ్యాకోచించి కొంత బయటికి రావడం మామూలే. దాన్ని చూసి టెన్షన్ పడకండి. లోపలి గొట్టాలు మునిగి పైన కాస్త ఖాళీ ఉంటే చాలు. ఇంజిన్ బాగా చల్లారాకే క్యాప్ తీయాలి.

ప్రశ్న: ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్‌తో రేడియేటర్ చూస్తే 50 డిగ్రీలే చూపిస్తోంది. అదే సమయంలో కూలెంట్ మరుగుతోంది. గన్ పాడైందా?

జవాబు: పాడవలేదు. మెరిసే అల్యూమినియం తన వేడిని తక్కువగా వెదజల్లి, చుట్టూ ఉన్నవాటి వేడిని ప్రతిఫలిస్తుంది. గన్ ఆ ప్రతిఫలనాన్నే చదువుతోంది. రేడియేటర్ పై ట్యాంక్ మీద నల్లటి ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, టేప్ వేడెక్కాక దాని మీద గురిపెట్టండి. సరైన అంకెకు చాలా దగ్గరగా వస్తుంది. రబ్బరు హోస్ మీద చూసినా పర్వాలేదు కానీ లోపలి ద్రవం అంతకంటే కొంత వేడిగా ఉంటుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: కూలెంట్ నెలనెలా తగ్గుతోంది, హోస్‌లలో ఎక్కడా లీక్ లేదు. ఎక్కడికి పోతోంది?

జవాబు: వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, ముందు అక్కడ వేలు పెట్టి చూడండి. తడి తగిలితే పంప్ సీల్ అరిగింది. ఇంజిన్ ఆయిల్ పాలు కలిసిన టీ రంగులోకి మారితే కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతోంది, ఇక బండి స్టార్ట్ చేయకండి. ఈ రెండూ లేకపోతే, చల్లటి ఇంజిన్ మీద క్యాప్ తీసి స్టార్ట్ చేయండి. రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (సిలిండర్‌కూ దాని పై మూతకూ మధ్య ఉండే సీల్‌ను) అనుమానించాలి. కొత్తగా కూలెంట్ పోసిన బండైతే లోపల చిక్కుకున్న గాలి వల్ల కూడా బుడగలొస్తాయి. ముందు చక్రం కాస్త ఎత్తులో పెట్టి, హోస్‌లను పిసుకుతూ గాలి పోనిచ్చి, తగ్గినంత నింపి మళ్లీ చూడండి. అప్పటికీ బుడగలు ఆగకపోతే మెకానిక్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించండి.