గ్రామసభలో ప్రశ్న అడిగిన అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. మా ఆయన భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. అమ్మాయి హనుమకొండలో హాస్టల్లో ఉండి బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు గ్రామసభకు పోయి, వీధి దీపాల కరెంటు బిల్లు ఎంత కట్టారని అడిగింది. ఆ తర్వాత సర్పంచ్ మనుషులు మా ఆయన్ని బస్టాండులో ఆపి "బిడ్డను జర అదుపులో పెట్టుకో" అన్నారట. కాలేజీలో విద్యార్థి సంఘం మీటింగులకు కూడా పోతోందని తెలిసింది. డిగ్రీ అయ్యాక పొలిటికల్ సైన్స్‌లో ఎంఏ చేస్తానంటుంది. వాళ్ల బాపేమో బ్యాంకు కోచింగ్‌లో చేరమంటాడు. కేసులు గీసులు అయితే ఉద్యోగం రాదు, సంబంధాలూ రావని నాకు భయం. ఆపమంటారా?
– ఒక తల్లి, హనుమకొండ జిల్లా

జవాబు: ఆపకండమ్మా. అట్లాగని ఆమె ఇష్టానికి పూర్తిగా వదిలేయమని కూడా చెప్పను. ముందు ఆమె చేసిన పని ఎలాంటిదో చూద్దాం.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. మీరూ సభ్యులే, మీ ఆయనా సభ్యుడే. పంచాయతీ జమాఖర్చులు ఆ సభ ముందు పెట్టాల్సినవే. కాబట్టి మీ అమ్మాయి హద్దు దాటిందేమీ లేదు. పైగా ఆమె అడిగిన తీరు నాకు నచ్చింది. సభలో మైకు దొరికితే చాలామంది ఊరు బాగుపడాలని ఉపన్యాసం ఇచ్చి కూర్చుంటారు. ఈ అమ్మాయి ఒక్క బిల్లు గురించి, ఒక్క అంకె అడిగింది. ఇరవై ఏళ్లకే అట్లా అడగడం వచ్చిందంటే చదువు వంటబడుతున్నట్టే.

ఇక వాళ్ల బాపు సంగతి. ఆయన రాజకీయాలకు దూరమని మీరు అనుకుంటున్నారేమో. సింగరేణిలో గుర్తింపు సంఘం (కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే యూనియన్) ఎన్నికలు రహస్య ఓటింగుతో జరుగుతాయి. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఆయన కూడా లైన్లో నిలబడి ఓటేసే ఉంటారు. ఏ సంఘం క్వార్టర్ల గురించి మాట్లాడింది, ఏది ఎన్నికలప్పుడే కనిపించింది అన్న ముచ్చట గని మీద రోజూ నడుస్తూనే ఉంటుంది. ఆ అనుభవం బిడ్డతో పంచుకోమనండి. నాయకుల మాట ఎక్కడిదాకా నమ్మాలో ఆయన చెప్పినంత బాగా ఏ లెక్చరరూ చెప్పలేడు.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు రెండు రకాలు. ఒకరు నాయకుడి వెంట తిరిగేవాళ్లు. బర్త్‌డే ఫ్లెక్సీలో ఫొటో, కాన్వాయ్‌లో బైకు, రాత్రి స్టేటస్. మూడేళ్లు తిరిగాక అడిగితే, తమ మండలానికి ఎంపీడీవో ఎవరో తెలియదు. రెండో రకం పిల్లలు కాగితం చదువుతారు. వీళ్లు తక్కువ, కానీ ఎక్కడికి పోయినా బతుకుతారు. మీ అమ్మాయి ఈ రెండో దారిలో ఉన్నట్టుంది. అక్కడే నిలబడేలా చూడటం మీ పని.

ఎట్లా అంటారా? ఆ కరెంటు బిల్లునే తీసుకుందాం. సభలో జవాబు రాకపోయినా, మళ్లీ సభలో లొల్లి చేయాల్సిన పని లేదు. ఫోన్‌లో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ తెరిచి జిల్లా, మండలం, మీ పంచాయతీ ఎంచుకుంటే ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి, దేనికి ఎంత ఖర్చు రాశారు అన్నది చాలావరకు కనిపిస్తుంది. అందులో లేనిదాన్ని సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శిని రాతపూర్వకంగా అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి దరఖాస్తుకు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు.

దరఖాస్తు రాయడంలోనే అసలు విద్య ఉంది. "వీధి దీపాల బిల్లు ఎందుకు కట్టలేదు?" అని రాస్తే, కారణాలు చెప్పడం సమాచారం కిందికి రాదని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు. "2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు విద్యుత్ సంస్థ ఎన్‌పీడీసీఎల్ నుంచి మా పంచాయతీకి వచ్చిన నెలవారీ వీధి దీపాల బిల్లుల నకళ్లు, చెల్లించిన రసీదుల నకళ్లు, ఆ చెల్లింపుల తీర్మానాల నకళ్లు ఇవ్వగలరు" అని రాస్తే తప్పించుకోవడం కష్టం. ఫలానా కాలం, ఫలానా కాగితం, ఎవరి మీదా నింద లేదు. దరఖాస్తు ఇచ్చి రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోవాలి. ఇంత శ్రద్ధగా రాయడం అలవాటైన పిల్ల రేపు లాయరైనా, గ్రూప్స్ రాసినా, జర్నలిస్టయినా అక్కరకొస్తుంది. రేపు ఆమెకే పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వస్తే అవతలి కుర్చీలోంచీ అదే పని. 2018లో మన రాష్ట్రంలో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, గుర్తుందా?

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఊళ్లో ఒంటరిగా అడిగిన ఆడపిల్ల మీద మాట పడేయడం తేలిక. అదే ప్రశ్న మీ పొదుపు సంఘం ఆడవాళ్లు తీర్మానం పుస్తకంలో రాసి, పదిమంది సంతకాలతో ఇస్తే బస్టాండులో ఎవరినీ ఆపలేరు. మీ సంఘం పుస్తకం మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది.

కాలేజీ సంఘం సంగతి వేరు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. ఎన్నికల్లేని చోట సంఘం అంటే ఏదో ఒక పార్టీ అనుబంధమే, పదవి అంటే పైవాళ్లు ఇచ్చేదే. అందుకని అన్ని సంఘాలూ చెడ్డవని కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద, హాస్టల్ మెస్ మీద గట్టిగా మాట్లాడేది వాళ్లే. మీరు కనుక్కోవాల్సింది రెండే: మీటింగులో ఆమెకు మాట్లాడే అవకాశం ఉందా, లేక బ్యానరు పట్టుకుని ముందు వరసలో నిలబడటానికే పిలుస్తున్నారా? వాహనాలు, భోజనాల ఖర్చు ఎవరిది? హాజరు విషయంలో, విద్యార్థి సంఘాల ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ నిబంధన పనికొస్తుంది. 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన ఆ సిఫార్సుల్లో, విద్యార్థి ఎన్నికల్లో పోటీ చేయాలంటే కనీసం 75 శాతం హాజరుండాలని ఉంది. మన దగ్గర ఎన్నికలు లేకపోయినా మీ ఇంట్లో ఆ షరతు పెట్టుకోండి. సంఘం వాళ్లు కూడా కాదనలేరు.

కేసుల భయం గురించి అడిగారు. వరంగల్, కాలేజీ, సంఘం అన్న మూడు మాటలు కలిస్తే మన పెద్దవాళ్ల గుండె ఝల్లుమంటుంది. డెబ్బై, ఎనభై దశకాల్లో ఈ జిల్లా ఇళ్లలోంచి నక్సలైట్ ఉద్యమంలోకి పోయిన ఎంతమంది పిల్లలు తిరిగి రాలేదో వాళ్లకు తెలుసు. ఆ భయాన్ని నేను తేలిక చేయను. ఇప్పుడు ఎదురయ్యే కేసులు ఎక్కువగా అనుమతి లేని రాస్తారోకోలు, 144 సెక్షన్ ఉల్లంఘనలు (2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 163). ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక పోలీస్ వెరిఫికేషన్ ఫారంలో మీ మీద కేసు ఉందా అని అడుగుతారు. చాలామంది ఇక్కడే భయపడి దాచిపెట్టి ఇరుక్కుంటారు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం, కేసు ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోవాలని లేదు. కేసు స్వభావం ఏమిటో చూసి యాజమాన్యం నిర్ణయించుకోవాలి. చిన్న వయసులో నినాదాలు చేసిన లాంటి అల్పమైన కేసులను దాచినా యాజమాన్యం తన విచక్షణతో క్షమించవచ్చని ఆ తీర్పులో స్పష్టంగా ఉంది. అయినా దాచకపోవడమే మంచిది. దెబ్బలాట, ఆస్తి ధ్వంసం అలా పోవు. అమ్మాయికి గీత ఇక్కడ గీయండి: సభ, దరఖాస్తు, అనుమతి ఉన్న ధర్నా, సరే. రోడ్డు బంద్, రాళ్లు, వద్దు.

రేపు ప్రభుత్వ ఉద్యోగం వస్తే రాజకీయ పార్టీ సభ్యత్వం ఉండకూడదు. ఇది కూడా ఆమెకు ఇప్పుడే తెలియాలి.

సంబంధాల గురించి నేనేం చెప్పను. బిల్లు అడిగినందుకు వద్దనే సంబంధం పోతే పోనివ్వండి.

ఇప్పుడు చదువు. పొలిటికల్ సైన్స్‌లో ఎంఏ మంచి చదువే. కానీ అదొక్కటే పట్టుకుంటే దారి సన్నం: నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష, తర్వాత లెక్చరర్ పోస్టుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపు. బ్యాంకు కోచింగేమో లెక్కలు, రీజనింగ్ వేగం మీద నడుస్తుంది. ఆసక్తి లేని పిల్లను అందులో కూర్చోబెడితే రెండేళ్లు ఆగమవుతుంది. నా ఓటు మూడేళ్ల ఎల్ఎల్‌బీకి. డిగ్రీ చివరి సంవత్సరంలోనే దాని ప్రవేశ పరీక్ష లాసెట్ రాయవచ్చు, కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ సుబేదారిలోనే ఉంది. మొన్న ఆమె చేసింది సగం లాయరు పనే కదా. దానితోపాటు గ్రూప్-2 చదువుకోవచ్చు. అందులో పాలిటీ ఉంది, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీద ఒక పేపరే ఉంది. ఎంఏ మీదే మనసుంటే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయలో చేరొచ్చు, నేను అడ్డు చెప్పను.

ఢిల్లీలో చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ గురించి మన వైపు పిల్లలకు పెద్దగా తెలియదు. డిగ్రీ అయిన, 25 ఏళ్లు మించని వాళ్లను ఒక ఎంపీ దగ్గర సహాయకులుగా పెట్టి పార్లమెంటు పనిలో శిక్షణ ఇస్తారు, స్టైపెండ్ కూడా ఉంటుంది. పోటీ గట్టిది, ఇంగ్లిష్‌లో రాయడం బాగా రావాలి. ఇప్పటి నుంచే రోజూ ఒక ఇంగ్లిష్ పేపరు ఎడిటోరియల్ చదివి, దాని మీద పది వాక్యాలు రాయమనండి.

"రేపు నేనే సర్పంచ్ అవుతా" అంటే నవ్వకండి. పోటీకి 21 ఏళ్లు నిండితే చాలు, మన దగ్గర స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవే. గెలిచిన చోట భర్తో కొడుకో కుర్చీలో కూర్చోవడం మనం చూస్తున్నదే. కాగితం చదవగల అమ్మాయి గెలిస్తే అది జరగదు. కానీ దాన్ని జీవనాధారం అనుకోవద్దు. సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. సొంత డబ్బు పెట్టి పనులు చేయించి, బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన సర్పంచులు మీ మండలంలోనే దొరుకుతారు. పీవీ నరసింహారావు అంతటివారు కూడా వందేమాతరం ఉద్యమంలో పాల్గొని ఇక్కడ చదువు ఆగిపోతే, నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. డిగ్రీ మాత్రం వదల్లేదు.

చివరగా ఒక చిన్న పని. అమ్మాయి పేరు ఊరి ఓటరు జాబితాలో ఉందో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే, గ్రామసభలో మాట్లాడే హక్కే లేదని సర్పంచ్ మనుషులు ఒక్క మాటతో కొట్టేస్తారు. ఏడాదికి ఒక్కసారే అవకాశం అన్న పాత పద్ధతి పోయింది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలకు 18 నిండినవాళ్లు ఫారం 6 ఇవ్వవచ్చు, ఆన్‌లైన్‌లో గానీ, మీ ఊరి బీఎల్‌వోకు (బూత్ స్థాయి అధికారికి) గానీ. హాస్టల్ అడ్రసు మీద కూడా నమోదు చేసుకోవచ్చు, కానీ రెండు చోట్ల ఉండకూడదు. ఆమె అడుగుతున్నది మీ ఊరి బిల్లు కాబట్టి ఊరి అడ్రసే ఇవ్వమనండి.