బొచ్చె రబ్బరు కప్పకు పడదు

నల్లగొండ

బిడ్డా,

మీ నాయిన గాలాల పెట్టె గురించి నువ్వు రాసిన రాతప్రతి అందింది. పోయిన వారం ఒకసారి, నిన్న మళ్లీ ఒకసారి చదివాను. బాగోగుల సంగతి తర్వాత. ముందు నాలుగో పేజీకి రా. వనపర్తి వైపు సరళాసాగర్ కట్ట మీద నుంచి మీ నాయిన, గాలానికి ఎరగా కట్టే రబ్బరు కప్ప బొమ్మను విసిరి పెద్ద బొచ్చె చేపను లాగినట్టు రాశావు. బొచ్చె రబ్బరు కప్పకు పడదు. దాని నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. నీళ్ల పైపొరలో కంటికి ఆనకుండా తేలే నాచునూ పురుగునూ వడపోసుకుని తినే చేప అది, కప్పల వెంట పడదు. గాలం వేయడం తెలిసిన మనిషి ఆ వాక్యం దగ్గరే ఆగిపోతాడు. ఈ పిల్ల చెరువు ముఖం చూడలేదని అనుకుంటాడు. నువ్వు చూశావని, చిన్నప్పుడు సెలవులన్నీ ఆ కట్ట మీదే గడిపావని నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి ప్రతి పాఠకుడి పక్కనా నేను కూర్చోలేను కదా.

బొచ్చె కొట్టేసి, కప్పల మీద పడే కొర్రమట్ట అని రాస్తే సరిపోతుంది అనుకోకు. నిజంగా ఆ రోజు వచ్చింది బొచ్చెనే అయితే అది పిండికి వచ్చి ఉండాలి. తవుడు, నూనె తీసిన పల్లి చెక్క, కాస్త మైదా కలిపి, నీళ్లలో తొందరగా విడిపోకుండా ముద్ద చేసి పెడతారు. మరి ఆ పిండి ఎవరు కలిపారు? రెండో పేజీలో నువ్వే రాశావు: "అన్నం గిన్నెలో చేపల పిండి ఏంది అని అమ్మ కేకలేసేది." ఆ ఒక్క వాక్యం తర్వాత ఆమె మళ్లీ కనిపించదు. నీ రాతలో గాలాల పెట్టె ఉంది, నాయిన ఉన్నాడు, చెరువు ఉంది. పల్లి చెక్క దంచిన చెయ్యి లేదు. కేకలేస్తూనే ఆమె దంచి ఇచ్చేదా, లేక ఆయన దొంగతనంగా కలుపుకునేవాడా? ఆదివారం పొద్దున వంటింట్లో పల్లి చెక్క వాసన ఎంతసేపు ఉండేది? ఎర ఏదో సరిగ్గా పట్టుకుంటే ఇదంతా దానంతట అదే వచ్చేది. ఎర తప్పేసరికి మీ అమ్మ కథలోంచి జారిపోయింది.

నేను నీకు చెప్పదలచుకున్నది ఈ ఒక్కటే. పెట్టెలో ఉన్న ప్రతి వస్తువూ ఏ పనికి ఉందో, ఆ పని ఎట్లా చేసేదో ముందు రాయి. దాని జ్ఞాపకం ఏమిటన్నది పక్కన పెట్టు. ఇప్పుడు నువ్వు తిరగేసి చేస్తున్నావు. పెట్టె మూత తెరవగానే "జ్ఞాపకాలు అలలు అలలుగా ఎగిసిపడ్డాయి" అన్నావు. ఆ అలలు నీవి, చదివేవాడికి తగలవు. అతనికి ఇంకా పెట్టెలో ఏముందో కూడా తెలియదు.

రబ్బరు కప్ప సంగతే తీసుకో. నువ్వు "కాలానికి శిథిలమైన కప్ప" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. వెంట పంపిన ఫొటోలో నేను చూసింది వేరు. లోపల బోలుగా ఉండే మెత్తటి ఒళ్లు. రెండు కొక్కేలు వీపుకు అంటుకుని, మొనలు పైకి ఉన్నాయి. అట్లా ఉంటేనే తుంగలో, తామరాకుల మీద లాగినా చిక్కుకోదు. చేప కరిచినప్పుడు రబ్బరు అణిగి కొక్కేలు బయటికొస్తాయి. వెనక కాళ్లలా వేలాడే రబ్బరు పోగులు ఒకవైపు కంపెనీవే, ఆకుపచ్చవి. రెండోవైపు నల్లవి, సైకిల్ ట్యూబు సన్నగా కోసి తంగూసు దారంతో బిగించి కట్టినవి. ముడి తర్వాత మిగిలిన దారాన్ని కత్తిరించకుండా కాల్చాడు, చివర చిన్న ఉండ కనిపిస్తోంది. మీ నాయిన ఎలాంటి మనిషో ఆ ఉండ చెప్తుంది. పాడైన కప్పను పారేసి కొత్తది కొనే మనిషి కాదు. "నాన్న ఎంతో పొదుపరి" అని ఆరో పేజీలో రాశావు చూడు, ఆ వాక్యం ఇక అక్కర్లేదు, కొట్టేయ్.

ఫొటో చూశాకే నాకు ఇదంతా తెలిసిందంటే, రాతలో అది లేదని అర్థం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తొమ్మిదో పేజీలో, ఇద్దరూ పుట్టి పడవ ఎక్కి తిరిగిన ముచ్చట మధ్యలో, దారిన పోతూ అన్నట్టు ఒక మాట పడేశావు. తుంగ పక్కన నీళ్లలో ఎర్రగా పిల్లల గుంపు కనబడితే నాయిన కప్పను విసరకుండా దారం చుట్టేసుకున్నాడని. ఎందుకో రాయలేదు. బహుశా నీకు అప్పుడు తెలియదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. నాకు తెలిసింది చెప్తాను. వానలు పడ్డాక కొర్రమట్ట ఒడ్డు దగ్గర, గడ్డి నడుమ గూడు చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎరుపు, నారింజ కలిసిన రంగులో, గుంపుగా తిరుగుతాయి. గాలి కోసం పైకి వచ్చినప్పుడు అక్కడొక్కచోటే సన్నటి చినుకులు పడుతున్నట్టు ఉంటుంది. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. గుంపు దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది. ఆకలితో కాదు, కోపంతో. రబ్బరు కప్ప వేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. పిల్లల గుంపు కనబడిందంటే పెద్ద చేప చేతిలో పడ్డట్టే. పట్టేస్తే మాత్రం ఆ పిల్లల్ని మిగతా చేపలు ఊడ్చేస్తాయి.

సులువుగా దొరికే చేపను వదిలేసి ఒక మనిషి దారం చుట్టుకున్నాడు. పక్కన తన బిడ్డ కూర్చుని ఉంది. ఇంత పెద్ద సంగతిని ఒక కామా తర్వాత పెట్టి, తర్వాతి పేజీలో సూర్యాస్తమయం మీద పదిహేను వాక్యాలు ఖర్చు పెట్టావు. సూర్యుడు పాలమూరులో రోజూ అస్తమిస్తాడు.

అట్లాగని "తండ్రి ప్రేమ ఎంత గొప్పది" అని అక్కడ వ్యాఖ్యానం మొదలుపెట్టకు. ఆయన దయతోనే చుట్టుకున్నాడని కూడా ఖాయంగా రాయకు. సంఘం వాళ్లు ఎవరైనా ఒడ్డున ఉన్నారేమో, చూశావా? ఇది నువ్వు పూర్తిగా వదిలేసిన సంగతి. మన చెరువుల్లో చేపల హక్కు చాలావరకు మత్స్య సహకార సంఘాలది. 2016 నుంచి సర్కారు ఉచితంగా చేప పిల్లల్ని వదలడం మొదలుపెట్టాక, బొచ్చె, రవ్వ లాంటివి సంఘం లెక్కలోకి వచ్చే చేపలు. సంఘం సభ్యుడు కాని మనిషి గాలం పట్టుకుని కట్ట మీద కూర్చుంటే ఒక చోట ఊరుకుంటారు, ఒక చోట పంచాయితీ అవుతుంది. మీ నాయినకు వాళ్లతో ఎట్లా ఉండేది? చాయ్ తాగించేవాడా? పడ్డ చేపలో సగం ఇచ్చేవాడా? అక్కడ ఒక మనిషిని పేరు లేకుండానైనా నిలబెట్టు. ఇప్పుడు నీ చెరువు మీద మీ ఇద్దరు తప్ప నరమానవుడు లేడు, క్యాలెండరు బొమ్మ అయిపోయింది.

ఇంకొకటి. నాయిన "ఏదో ఒక ఏడాది" గాలం మానేశాడని రాశావు. 2019 డిసెంబరు 31న సరళాసాగర్ కట్ట తెగింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన నీళ్లు ఒక్క పొద్దున్నే పోయాయి. చెరువు నిండగానే మిగులు నీళ్లను బయటికి వదిలే సైఫన్లు వాటంతట అవే పని మొదలుపెట్టే ప్రాజెక్టని జనం వచ్చి చూసి పోయే చోటు అది. ఆయన మానేసింది ఆ ఏడాదేనా? మీ అమ్మను అడుగు, ఆయన దోస్తులు ఎవరైనా ఉంటే అడుగు. అదే ఏడాది అయితే ఒక్క వాక్యంలో రాయి, ఏడవకు. కాకపోతే, నీళ్లు ఉండగానే మానేశాడంటే, ఇంకా మంచిది. ఎందుకు మానేశాడన్నది నిన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వకూడదు.

ఫిన్లండులో 1936లో లౌరీ రాపలా అనే జాలరి, బెండు చెక్కి చిన్న చేప బొమ్మ చేశాడు. దెబ్బ తగిలి వంకరగా ఈదే చేపల మీదికే పెద్ద చేపలు పోతాయని గమనించి, బొమ్మ కూడా అట్లాగే ఈదేలా చెక్కాడు. మెరుపు కోసం చాక్లెట్ రేకు చుట్టాడు. నీళ్లు తగలకుండా పాత ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూత పూశాడు. ఇది చదివినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన, ఆ నెగెటివ్‌లలో ఎవరెవరి ముఖాలు ఉండేవో అని. చూడు, ఆయన జ్ఞాపకం కోసం ఆ పని చేయలేదు, బొమ్మ తడవకుండా ఉంటే చాలనుకున్నాడు.

మా ఇంట్లోనూ ఒకటుంది. పానగల్లు ఉదయ సముద్రంలో మా మేనమామ ఎర్రలు గుచ్చి జెల్లలు పట్టేవాడు. ఆయన గాలం దారానికి కట్టే, నీళ్ల మీద తేలే బెండు నెమలీక కాడతో చేసింది. రెండు కొసలూ కొవ్వొత్తి మైనంతో మూసి, దూరానికి కనబడాలని పై కొసకు ఎర్రటి గోళ్ల రంగు పూశాడు. ఆయన పోయిన చాలా ఏండ్లకు దాన్ని మా అత్తకు చూపించాను. కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమోనని నాకు లోపల టెన్షన్. చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "నా కొత్త సీసా సగం చేసిండు, పాడుగాను" అంది. ఆ సీసా ఎక్కడ కొన్నదీ, ఎవరి పెళ్లికి కొన్నదీ, ఆ పెళ్లికి ఆయన ఎందుకు రాలేదూ, గంటసేపు చెప్పింది. ఎక్కువ భాగం తిట్లే. మామ మీద నేను రాసిన వాటిలో పనికొచ్చింది ఆ గంటలో విన్నదే. నీ రాతలో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు, గమనించావా? పోయిన మనిషి కదా అని అందరూ మంచిగా మాట్లాడుతున్నారు. మీ అమ్మను కూర్చోబెట్టి ఒక్కొక్క వస్తువూ చేతికి ఇవ్వు. తిట్టనీ. రికార్డు మాత్రం చేయకు, ఫోను చూస్తే మాటలు మర్యాదగా మారిపోతాయి.

మిగతావి చిన్నవి. మొదటి పేజీ మొత్తం తీసేయొచ్చు. "మధుర స్మృతులు", "అమూల్య నిధి" లాంటివి ఎక్కడున్నా తీసేయ్, వాటి స్థానంలో ఏమీ పెట్టకు. నీళ్లలో గిర్రున తిరిగే స్పిన్నరు ఎర రేకు మీద గీతలు చేప పళ్లవా, రాళ్లవా అన్నది చూసి రాయి. మీ ఇంట్లో మాట్లాడే మాటలు సంభాషణల్లో ఉంచావు, బాగుంది. ఎవరైనా వాటిని పుస్తకాల భాషలోకి దిద్దుతామంటే ఒప్పుకోకు.

పత్రికకు ఇప్పుడే పంపాలా అని అడిగావు. వద్దు. వానలు మొదలయ్యాక ఒకసారి చెరువుకు పోయి రా. గాలం వేయనక్కర్లేదు, వేసేవాళ్ల పక్కన కూర్చో. ఎవరు ఏ ఎర వాడుతున్నారో, ఎందుకో అడుగు. నీ వయసు పిల్ల అడిగితే గాలం వేసేవాళ్లు సంతోషంగా చెప్తారు, కొన్ని అబద్ధాలు కూడా చెప్తారు. రెండూ రాసుకో.

మళ్లీ రాసినప్పుడు ఫొటోలు పంపకు. చేత్తో రాసినా ఫరవాలేదు, అక్షరాలు కొంచెం పెద్దగా ఉంటే చాలు, నాకు రాత్రిపూట చదవడం కష్టమవుతోంది. దసరాకు ఊళ్లోనే ఉంటాను. అమ్మను కూడా తీసుకుని రా.