గుడికి ఎన్నిసార్లు వెళ్తారన్న ఒక్క ప్రశ్నతో భక్తిని కొలవగలమా?

వృద్ధుల్లో కుంగుబాటు మీద సర్వే చేస్తున్నానని, మతనిష్ఠ తెలుసుకోవడానికి "గుడికో చర్చికో మసీదుకో ఎంత తరచుగా వెళ్తారు" అన్న ఒక్క ప్రశ్న సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఎమ్మే సైకాలజీ ప్రాజెక్టులో నేను సరిగ్గా ఆ పొరపాటే చేశాను.

గుంటూరు జిల్లాలో ఒక పెద్దావిడ వసారాలో చిక్కుడుకాయలు ఈనె తీస్తూ నాకు జవాబులు చెప్పారు. గుడికి? "వెళ్లడం లేదమ్మా." అన్నిటికంటే కింది గడిలో టిక్కు పెట్టాను. నిద్ర లేదు, తిండి సహించదు, దేనిమీదా మనసు పోదు. భక్తి తక్కువ, కుంగుబాటు ఎక్కువ అని కాగితం చెబుతోంది. నేను లేవబోతుంటే ఆవిడే అన్నారు: "ఆయన పోయి ఏడు నెలలు. ఏటిసూతకం కదా, ఏడాది దాటేదాకా గుడిమెట్లు ఎక్కకూడదు. లేకపోతే శనివారం తప్పేదా? ఏ జన్మలో చేసిన పాపమో తల్లీ."

ఆమెను గుడికి దూరం చేసిందీ, నిద్రకు దూరం చేసిందీ ఒకే చావు. నా పట్టికలో మాత్రం మొదటిది రెండోదానికి కారణంలా కనబడింది. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేనివారికీ, నమాజు ఇంట్లోనే చేసుకునే ముస్లిం స్త్రీలకూ ఈ ప్రశ్న ఇలాగే అన్యాయం చేస్తుంది.

ఒకే ప్రశ్నకు బదులు మానసిక వైద్యుడు హెరాల్డ్ కోనిగ్ బృందం 1997లో ప్రచురించిన డ్యూక్ యూనివర్సిటీ రిలిజియన్ ఇండెక్స్ అనే మతనిష్ఠ ప్రశ్నావళి చూడండి. ఉన్నవి 5 ప్రశ్నలే: సామూహిక ఆరాధనకు ఒకటి, ఇంట్లో చేసుకునే ప్రార్థన, ధ్యానాలకు ఒకటి, లోపలి విశ్వాసానికి మూడు. ఈ మూడు భాగాలనూ కలిపి ఒకే మొత్తంగా లెక్కించవద్దని దాన్ని రూపొందించినవారే చెబుతారు. మా పెద్దావిడ మొదటిదాంట్లో అట్టడుగున ఉంటారు, లోపలి విశ్వాసంలో దాదాపు పైన. కలిపేస్తే ఆ తేడా మాయమైపోతుంది.

ఆవిడ చివరి మాట కూడా వదలకండి. దేవుడు శిక్షిస్తున్నాడా, నన్ను వదిలేశాడా అనే బాధను మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ రూపొందించిన బ్రీఫ్ ఆర్‌కోప్ అనే ప్రశ్నావళి విడిగా కొలుస్తుంది. అందులోని 14 ప్రశ్నల్లో 7 దానికే. ఆధ్యాత్మికత పేరుతో "నా మనసు ప్రశాంతంగా ఉంది" వంటి వాక్యాలున్న కొలమానాలను మాత్రం దయచేసి వాడకండి. కుంగుబాటు లేకపోవడాన్నే మరో పేరుతో కొలిచి, రెండింటికీ సంబంధం ఉందని తేల్చినట్లవుతుంది.

అనువాదంలో "మతం" అన్న మాట దగ్గర జాగ్రత్త. "మీ మతం మీ జీవితాన్ని నడిపిస్తుందా" అని అడిగితే, "మేం హిందువులం, కాగితాల్లో ఉందిగా" అని జవాబొచ్చింది. "దైవభక్తి" అన్నాకే మాట కలిసింది.

వీటితోపాటు మీ ఫారంలో మూడు చేర్చండి: ఏడాదిలోపు ఇంట్లో ఎవరైనా పోయారా, ఒంటరిగా నడవగలరా, ఇంతకుముందు వెళ్లేవారైతే ఎప్పుడు, ఎందుకు మానేశారు. మూడోదానికి గడులు పెట్టకండి, వాళ్లు చెప్పినట్టే రాసుకోవడానికి నాలుగు గీతలు వదలండి.