పక్క ఊరి దేవుడు మన నాణెం మీద ఎందుకు?

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకుడు): అన్నా, రోమన్ల కాలం నాటి కంచు నాణెం ఫొటో ఒకటి చూశాను, ఒక పక్క చక్రవర్తి తల, ఇంకో పక్క ఒక దేవత, ఒక దేవుడు, చుట్టూ గ్రీకు అక్షరాల్లో రెండు ఊళ్ళ పేర్లంట. ఏంది దీని సంగతి? మన నెల్లూరులో దొరికినవి కూడా ఇట్టాంటివేనా?

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. వీటిని ఒమోనోయా నాణేలంటారు, ఆ గ్రీకు మాటకి ఒకే మనసు అని అర్థం, అంటే రెండు ఊళ్ళు మేం కలిసిపోయాం అని చాటుకోడానికి వేసినవి. బైబిల్లో ప్రకటన గ్రంథం చదివినోళ్ళకి ఎఫెసు, స్ముర్న, పెర్గము పేర్లు తెలిసే ఉంటాయి, ఇప్పటి టర్కీ పడమటి వైపున్న ఆ ఊళ్ళే ఇవి. నువ్వు చూసిన దాంట్లో ఆమె వొళ్ళంతా గుండ్రటి ఉబ్బులు వరసలుగా ఉండి కదలకుండా నిలబడి ఉంటే ఎఫెసు అర్తెమి, ఆయన పాము చుట్టుకున్న కర్ర పట్టుకుని ఉంటే పెర్గము వైద్య దేవుడు అస్క్లేపియస్. ఊరి పేరు రాయడంతో పాటు ఊరి దేవుణ్ణి కూడా నిలబెట్టారనుకో, చదువు రానోడికి కూడా ఏ ఊరో తెలిసిపోద్ది.

మరి అంత ప్రేమ ఎందుకు పొంగింది అంటే, అంతకు ముందు అంత గొడవ ఉండింది కాబట్టి. ఈ మూడు ఊళ్ళూ ఆసియాలో మేమే ఫస్ట్ అంటే మేమే ఫస్ట్ అని బిరుదుల కోసం కొట్టుకునేవి, తిరణాళ్ళలో ఎవరి ప్రభ ముందు పోవాలని మన పల్లెల్లో పంతాలు పడరా, అచ్చం అట్టనే. 2వ శతాబ్దంలో ఆంటోనినస్ పయస్ చక్రవర్తే కల్పించుకుని ఎఫెసు వాళ్ళకి ఉత్తరం రాయాల్సొచ్చింది. ఇంకో పక్క, ఇప్పటి టర్కీ వాయవ్యంలో ఉన్న నికోమీడియా, నికయియా ఊళ్ళ గొడవ మీద డియో అనే వక్త నికోమీడియా వాళ్ళ ముందే నిలబడి, ఉత్త పేరు కోసం తన్నుకుంటుంటే రోమన్లు మనల్ని చూసి నవ్వుతున్నారయ్యా అని చెప్పాడు, ఆ ధైర్యం నాకు చాలా ఇష్టం.

ఇక నెల్లూరువి వేరు. ఒమోనోయావి కంచువి, ఆ చుట్టుపక్కల సంతల్లో చిల్లరగా తిరిగేవి, సముద్రం దాటి వ్యాపారానికొచ్చింది ఎక్కువగా బంగారం, వెండి. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి, తవ్వితే చిన్న గుడి ఆనవాళ్ళు, దాని కింద ముంతలో రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫౌస్టినా బొమ్మల బంగారు నాణేలు. పాపం ఆయన పాత బంగారం కింద అమ్మేశాడు, చాలా వరకు కరిగించేశారు, మిగిలినవి ముప్పై చిల్లర. అది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటది.