సంపు, బోరు, ముంపు: ఇంటి నీళ్లపై మీ ప్రశ్నలు

ప్రశ్న: నిజాంపేటలో మాది 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నల్లా రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున గంటసేపు వస్తుంది. వాచ్‌మన్ లేచి వాల్వు తిప్పకపోతే ఆ రోజుకు అంతే. బోరు నీళ్లు, నల్లా నీళ్లు ఒకే సంపులో పడతాయి. మార్చి వస్తే ట్యాంకర్లు మొదలు. ఇంకో బోరు వేద్దామని కొందరు, లైనుకు మోటారు పెడదామని కొందరు అంటున్నారు.
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దు. మొదట మీకు వస్తున్నది ఎంతో కొలవండి.

సంపు లోపలి పొడవు, వెడల్పు మీటర్లలో తీసుకోండి. 4 మీటర్లు, 3 మీటర్లు అనుకుంటే, నీటి మట్టం ఒక సెంటీమీటరు పెరిగిందంటే 120 లీటర్లు చేరినట్టు. కర్రకు గుర్తులు పెట్టి నల్లా రాకముందు ఒకసారి, ఆగాక ఒకసారి ముంచి చూడండి. ఆ గంటా బోరు, పైకెక్కించే మోటారు రెండూ ఆపి ఉంచాలి. లేకపోతే లెక్క తప్పుతుంది. 60 సెంటీమీటర్లు పెరిగితే 7,200 లీటర్లు. ఇక అవసరం: మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మామూలు లెక్క. ఇంటికి నలుగురు చొప్పున 80 మందికి రోజుకు 10,800, రెండు రోజులకు 21,600 లీటర్లు. అంటే మూడో వంతే నల్లా ఇస్తోంది. మిగతా 14,400 లీటర్లు బోరు ఇవ్వకపోతే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు కావాలి.

చేతిలో ఉన్న ఆ 7,200 లీటర్లను బోరు నీళ్లలో కలిపేయడమే మీ దగ్గర జరుగుతున్న అసలు నష్టం. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 15 లీటర్లు వేసుకున్నా 80 మందికి 1,200 చాలు. ఒక్క విడత నల్లా నీళ్లతో ఆరు రోజుల వంటిల్లు గడుస్తుంది. సంపులో అడ్డుగోడ కట్టించి నల్లా గది వేరు చేయండి. డాబా మీద దానికో చిన్న ట్యాంకు, అక్కడి నుంచి ప్రతి వంటింటికి ఒక్క పైపు. గోడ కట్టాక రెండు వైపులా వాటర్‌ప్రూఫింగ్ చేయించకపోతే బోరు నీళ్లు ఇటు ఊరుతూనే ఉంటాయి. తాగేనీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు) లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర కడుతోందంటే మీ బోరును ఒకసారి ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే.

వాచ్‌మన్ నిద్ర సంగతి తేలికే. సంపులోకి వచ్చే పైపు చివర తేలే బంతి వాల్వు (ఫ్లోట్ వాల్వు) బిగించి, వాచ్‌మన్ తిప్పే వాల్వు తెరిచి ఉంచండి. నిండగానే తనే మూసుకుంటుంది, ఎవరూ లేవనక్కర్లేదు.

లైనుకు నేరుగా మోటారు బిగిస్తే పైపులో పీడనం పడిపోయి, ఎక్కడ చిన్న పగులు ఉన్నా పక్కనున్న మురుగును లోపలికి లాక్కుంటుంది. ఆ నీళ్లు ముందు పడేది మీ సంపులోనే. పైగా పట్టుబడితే మోటారు జప్తు చేసి జరిమానా వేస్తారు. ఇంకో బోరంటారా, మన కింద ఉన్నది గ్రానైట్ రాయి. నీళ్లు పైనున్న మెత్తటి రాతిపొరలోనూ, కింద రాయి చీలికల్లోనూ మాత్రమే ఉంటాయి. చీలిక తగలకపోతే వెయ్యి అడుగులు దించినా దుమ్మే. పక్క అపార్ట్‌మెంట్ బోరుదీ మీ బోరుదీ ఒకే చీలిక అయితే, మీరు పంచుకునేది వాళ్ల నీళ్లనే.

నల్లా రోజూ ఎందుకు రాదన్నదానికి మూలం నగరం పెరిగిన తీరులోనే ఉంది. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) ఊరికి ఎగువన, పక్కనే ఉన్నాయి. అప్పటి ఊరికి అవి సరిపోయాయి. తర్వాత మంజీరా, 2004లో కృష్ణా, 2015లో గోదావరి వచ్చాయి. కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కరెంటుతో ఎత్తిపోసినవి. శివార్లలో ముందు అపార్ట్‌మెంట్లు లేచాయి, పైపులు తర్వాత వెతుక్కుంటూ వచ్చాయి. ఉన్న నీటిని పేట తర్వాత పేటకు వాల్వులు తిప్పుతూ ఇస్తారు కాబట్టే మీ వంతు తెల్లవారుజామున పడింది.

ప్రశ్న: హైదరాబాద్ జలమండలి నల్లా నీళ్లు నెలకు 20,000 లీటర్లు ఉచితం కదా, నలుగురమే ఉన్నా బిల్లు వస్తోంది. ఎందుకు?
– ఒక ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: నలుగురు 135 లీటర్ల చొప్పున వాడితే నెలకు 16,200. మామూలుగా దాటకూడదు. ఉచితం వర్తించాలంటే మీటరు పనిచేయాలి, కనెక్షన్‌కు ఆధార్ అనుసంధానం ఉండాలి. అపార్ట్‌మెంట్లో అయితే అనుసంధానం చేసుకోని ఫ్లాట్లకు మినహాయింపు రాదు. ఇవి సరిగా ఉంటే, నల్లా వచ్చే వేళ సంపు వాల్వు గట్టిగా మూసి మీటరు చూడండి. ముల్లు కదిలితే మీటరుకూ సంపుకూ మధ్య లీకేజీ ఉంది. నీళ్లకు ముందు ‘బుస్’మని గాలి వచ్చే వీధుల్లో ఆ గాలికి కూడా మీటరు తిరుగుతుంది. అది గమనిస్తే ఫోన్లో వీడియో తీసి సెక్షన్ ఆఫీసులో చూపించండి.

ప్రశ్న: 200 గజాల ఇల్లు. ఇంకుడు గుంత తవ్వించినా బోరులో మార్పు లేదు, వానకు గుంత పొంగి నీళ్లు రోడ్డు మీదికే పోతున్నాయి.
– ఒక రిటైర్డ్ టీచరు, ఉప్పల్

జవాబు: గుంత చిన్నది. 200 గజాల డాబా అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే 3,340 లీటర్లు. ఆవిరికీ తడికీ పోగా 2,800 దాకా గుంతకు చేరతాయి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతున్న గుంతను కంకరతో నింపితే రాళ్ల సందుల్లో పట్టేది 900 లీటర్లే. వాన గంటలో కురుస్తుంది, నేల తీరిగ్గా తాగుతుంది.

దీనికంటే చిల్లుల సిమెంటు రింగుల గుంత మేలు. నాలుగడుగుల వ్యాసం, పదడుగుల లోతు, అడుగున ఒక్క అడుగు కంకర, పైన గట్టి మూత. దాదాపు 3,200 లీటర్లు నిలుస్తాయి. తవ్వేటప్పుడు మొరం తగిలేదాకా దించాలి. నల్లరేగడిలోనే ఆపేస్తే బకెట్లో పోసినట్టు నీళ్లు అలాగే ఉండిపోతాయి. గుంతకు ముందు రెండడుగుల ఘనపు మట్టితొట్టి (నీళ్లలోని మట్టి అడుగున ఆగిపోయే తొట్టి) తప్పనిసరి. మేస్త్రీలు మొదట ఎగ్గొట్టేది దీన్నే, గుంతలు ఏడాదిలో మూసుకుపోయేదీ ఇందుకే. తొలి వాన మొదటి పది నిమిషాల నీళ్లను బయటికి వదిలేయండి. బట్టలుతికిన నీళ్లు, వాకిలి కడిగిన నీళ్లు అందులోకి మళ్లించొద్దు. ఏటా మేలో ఆ తొట్టిలో పేరుకున్న మట్టి ఎత్తించండి. అయినా మీ ఒక్క గుంతతో మీ బోరే నిండుతుందనుకోకండి. ఆ నీళ్లు వీధి మొత్తానివి.

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు చౌకగా వస్తోంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చౌక ఎందుకో మీకూ తెలుసు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద అటు వచ్చింది. వెలగలేరు దగ్గర బుడమేరును కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండుగా ఉన్న కృష్ణ బుడమేరును తీసుకోలేదు, కాలువ గట్లు తెగాయి, నీళ్లు పాత దారినే ఊళ్లోకి నడిచాయి. గట్లు బాగు చేసినంత మాత్రాన పల్లం మెరక కాదు.

చూడటానికి వెళ్లినప్పుడు కొత్త రంగు వేసిన గోడను కాదు, మెట్ల కింద, మీటర్ బోర్డు వెనక, ఎదురింటి కాంపౌండుపై నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడండి. చార మీ నడుము దాటితే గ్రౌండ్ ఫ్లోర్ వదిలేయండి, అదే వీధిలో మొదటి అంతస్తు అడగండి. అంతకు తక్కువ ఉండి తీసుకోక తప్పదంటే మీటరు, మోటారు స్టార్టర్, ఇన్వర్టర్ చారకు అడుగున్నర పైకి మార్పించండి. సంపు మూత చుట్టూ గట్టు చారను దాటాలి. డ్రైనేజీ పైపుకు నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు బిగించాలి, లేకపోతే వీధిలోని వరద ముందు మీ బాత్‌రూమ్‌లోనే పైకి వస్తుంది.

ఒకవేళ సంపులోకి వరద నీళ్లు దిగితే మొత్తం తోడించి, బురద తీసి గోడలు రుద్దించాలి. మళ్లీ నింపాక ప్రతి 10,000 లీటర్లకు 400 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయండి. రాత్రంతా ఉంచి తెల్లారి వదిలేసి, మరోసారి నింపినవే వాడుకోండి.